ఆ కప్పను ఉన్నచోటే ఉండనివ్వండి: రాత్రి నడకల మిత్రులకు బహిరంగ లేఖ

వాన వెలిసిన రాత్రుల్లో టార్చీలు పట్టుకుని కప్పల్ని వెతుక్కుంటూ తిరిగే మిత్రులందరికీ, ముఖ్యంగా పదిమందిని పోగుచేసి ఆ నడకలకు ముందుండేవాళ్ళకు,

నమస్కారం.

నేనూ మీలో ఒకణ్ణే. మబ్బు పట్టిందంటే చాలు, మా గ్రూపులో మెసేజులు మొదలవుతాయి. వాన తగ్గగానే ప్యాంటు అంచులు మేజోళ్ళలో దోపుకుని, హెడ్‌ల్యాంపులు తగిలించుకుని బయల్దేరతాం. రాత్రి రెండింటికి బురదకాళ్ళతో ఇల్లు చేరి, తెల్లారగానే పనికి వెళ్ళినా అలసట తెలియదు. ఆ సంబరం ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒక్కటి అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కప్పను చేత్తో ముట్టుకోవడం మానేద్దాం. ఫొటో కోసమైనా, పిల్లలకు చూపించడానికైనా, ఏ జాతో తేల్చుకోవడానికైనా సరే. నడక మొదలవకముందే అందరి ముందూ చెప్పే మొదటి మాట ఇదే కావాలి.

ఈ సంగతి నాకెవరూ బోధించలేదు. చేజేతులా చేసిన పని వల్ల తెలిసింది.

ఆ రోజు సాయంత్రమంతా కురిసి రాత్రి తొమ్మిదింటికి తెరిపిచ్చింది. మేం ఐదుగురం. మోకాలి లోతు కూడా లేని వాననీటి మడుగు. దూరం నుంచి చెవులు గింగుర్లెత్తేలా వినబడ్డ అరుపులు, మా అడుగుల చప్పుడుకి టక్కున ఆగిపోయాయి. లైట్లు ఆర్పేసి కదలకుండా నిలబడ్డాం. మూడు నాలుగు నిమిషాలకు ఎక్కడో మూలన ఒకటి గొంతు సవరించుకుంది. దానికి ఇంకొకటి బదులిచ్చింది. ఆ వెంటనే మడుగు మడుగంతా అందుకుంది. అందులో మాకు కావాల్సింది ఒకే ఒక్క గొంతు. దువ్వెన పళ్ళ మీద గోరు లాగినట్టుండే సన్నటి 'క్ర్‌ర్‌ర్'.

చిన్న కప్ప అరుపు ఎటునుంచి వస్తోందో ఒక్క మనిషికి తేలదు. మన ముందే ఉన్నట్టుంటుంది, అడుగు వేస్తే వెనకనుంచి వినబడుతుంది. అందుకని నేనూ నా స్నేహితురాలూ పది అడుగుల ఎడంగా నిలబడి, కళ్ళు మూసుకుని, ఎవరికి వినబడ్డ దిక్కుకి వాళ్ళం చెయ్యి చాచాం. మిగతా ముగ్గురూ మా వేళ్ళ వెంబడి చూపు పోనిచ్చి, రెండు గీతలూ కలిసేచోట వెతికారు. అక్కడ, గడ్డిపరక మీద, బొటనవేలి గోరంత కప్ప.

గొంతు కింద సంచి ఉబ్బుతోంది, తగ్గుతోంది. నోరు మాత్రం గట్టిగా మూసుకునే ఉంది. ఎన్నేళ్ళుగా కప్పల వెంట తిరుగుతున్నా ఆ సంగతి అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు. ఊపిరితిత్తుల్లోని గాలిని స్వరపేటిక మీదుగా ఆ సంచిలోకి నెడుతుంది, మళ్ళీ వెనక్కి లాక్కుంటుంది. గాలి బయటికి పోదు, అరుపు మాత్రం మడుగు దాటి పోతుంది. సంచి ఉబ్బినప్పుడు దాని పల్చటి చర్మంలోంచి మా టార్చి వెలుతురు అవతలికి కనబడింది.

ఫొటోకి గడ్డి అడ్డొచ్చింది. "ఒరే, ఆ ఆకు మీద పెట్టరా, బాగా వస్తుంది" అన్నాడు మావాడొకడు. పెట్టాను. రెండు వేళ్ళతో ఎత్తి ఆకు మధ్యలో కూర్చోబెట్టాను. ఫొటో నిజంగానే బాగా వచ్చింది. కప్ప మాత్రం కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకుని, కళ్ళు లోపలికి లాక్కుని, రాయిలా ఉండిపోయింది. ఒక్కొక్కరం వంతులవారీగా వంగి తీసుకున్నాం. ఇరవై నిమిషాలకు అది గడ్డిలోకి దూకింది. మేం అర్ధరాత్రి దాటేదాకా అక్కడే ఉన్నాం. మడుగంతా హోరెత్తిపోతోంది. ఆ గడ్డి దుబ్బు దగ్గర నుంచి మాత్రం మళ్ళీ ఒక్క 'క్ర్‌ర్' కూడా రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు మాలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

"ఒక్క కప్పేగా" అంటారేమో. ఆ ఒక్క కప్ప ఆ గడ్డిపరక మీద ఏం చేస్తోందో చూడండి. అరిచేది మగకప్ప. ఆడకప్ప వస్తుందని అరుస్తుంది. అరవడం దానికి తేలికైన పని కాదు. ఊరికే కూర్చున్నప్పటి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఆక్సిజన్ ఖర్చవుతుంది. అది బతుకులో చేసే అతి కష్టమైన పనుల్లో ఇదొకటి. పైగా ప్రాణాపాయం కూడా. పనామాలో టుంగారా అనే చిన్న కప్ప ఉంది. కప్పల్ని తినే గబ్బిలం ఒకటి దాని అరుపు విని, చీకట్లో సూటిగా దాని మీదికే వస్తుందని మెర్లిన్ టటిల్, మైకేల్ రయన్ 1981లో నిరూపించారు. ఆ కప్ప తన అరుపు చివర చిన్న విరుపు చేరిస్తే ఆడకప్పలు మెచ్చుతాయి. ఆ విరుపుకే గబ్బిలాలూ ఎక్కువగా వస్తాయి. అంటే ప్రతి అరుపూ ప్రాణం పణంగా పెట్టి అరిచిందే. మనం వెలిగించిన టార్చి ముందు అది ఇంకా అరుస్తోందంటే, మనల్ని పట్టించుకోలేదని కాదు అర్థం, ఆ రాత్రి దానికి అంత అవసరమని.

అలాంటి రాత్రులు ఏడాదికి ఎన్నో ఉండవు. చాలా జాతులకు వాన పడ్డ కొద్ది రోజులే జతకట్టే కాలం. మడుగు ఎండిపోయేలోగా గుడ్లు పెట్టాలి, తోకకప్పలకు కాళ్ళు మొలవాలి. అందులో ఒక రాత్రిని నేను ఇరవై నిమిషాల ఫొటోలకు వాడుకున్నాను.

ఇక చర్మం సంగతి. కప్ప నోటితో నీళ్ళు తాగదు. పొట్ట కింద, తొడల దగ్గరుండే పల్చటి చర్మంతో తడినేల నుంచి నీళ్ళు పీల్చుకుంటుంది. ఊపిరిలో కొంత భాగం కూడా చర్మం ద్వారానే. మన చేతికి దోమల మందు ఉంటుంది, ఎండకు రాసుకున్న క్రీము ఉంటుంది, చెమట ఉప్పు ఉంటుంది. "చేతులు కడుక్కున్నాను" అంటే సరిపోదు. సబ్బు అంటుకున్నా దానికి హానే. మన అరచేతి వేడి కూడా అంత చిన్న ఒంటికి ఎక్కువే. మన వైపు నుంచి చూసినా ఇది మంచిది కాదు. కొన్ని బోదురుకప్పలకు కళ్ళ వెనకుండే గ్రంథుల్లోంచి విషం ఊరుతుంది, ఆ చేత్తో కళ్ళు నులుముకుంటే భగ్గుమంటాయి.

వీటన్నిటికన్నా నన్ను భయపెట్టేది కైట్రిడ్. బట్రాకోకైట్రియం డెండ్రోబాటిడిస్ అనే శిలీంధ్రం అది. 1998లో బయటపడింది, 1999లో పేరు పెట్టారు. కప్ప చర్మాన్ని పట్టుకుంటుంది. చర్మం పాడైతే ఒంట్లోని సోడియం, పొటాషియం లెక్క తప్పుతుంది, చివరికి గుండె ఆగిపోతుంది. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం, కనీసం 501 ఉభయచర జాతులు తగ్గిపోవడానికి ఈ రోగం కారణమైందని, వాటిలో 90 జాతులు అంతరించిపోయి ఉంటాయని లెక్కగట్టింది. ఒక్క రోగం ఇన్ని జాతుల్ని ఊడ్చిపెట్టిన సందర్భం మరొకటి నాకు తెలియదు.

ఖండాల మధ్య ఇది పాకడానికి ముఖ్య కారణం ఉభయచరాల వ్యాపారం. ఆ నింద మన మీద లేదు. కానీ దీని బీజాలు నీళ్ళలో ఈదుతాయి, తడి బురదలో బతుకుతాయి. ఒకే రాత్రి మూడు మడుగులు చూసొచ్చే మన బూట్లు, వలలు, ట్రైపాడ్ కాళ్ళు ఏమేం మోసుకెళ్తున్నాయో ఆలోచించండి. ఒక కప్పను పట్టుకున్న చేత్తోనే ఇంకో కప్పను పట్టుకుంటే సంగతి చెప్పక్కర్లేదు. పరిశోధకులు కొలతల కోసం కప్పను పట్టుకోవాల్సి వస్తే ఒక్కోదానికి ఒక్కో కొత్త గ్లవ్ జత వాడేది ఇందుకే. వాళ్ళకు అనుమతి ఉంటుంది, తర్ఫీదు ఉంటుంది, పట్టుకోవడానికి ఒక కారణం ఉంటుంది. మనకు ఉన్నది సరదా.

మేం ఇప్పుడు ఒక రాత్రికి ఒకే నీటిచోటుకి వెళ్తున్నాం. తిరిగొచ్చాక బూట్లను నీటికి దూరంగా బ్రష్‌తో రుద్ది, అడుగున గాడుల్లో ఇరుక్కున్న బురద పుల్లతో గీకి తీసి, క్రిమిసంహారకంతో కడిగి, మంచి నీళ్ళతో జాడించి, పూర్తిగా ఎండబెడతాం. ఎండటం ముఖ్యం, పూర్తిగా ఎండిపోతే ఆ శిలీంధ్రం బతకదు. చెప్పడానికి చాదస్తంగా ఉంటుంది గానీ పది నిమిషాల పని.

బంగారు రంగు బోదురుకప్ప కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కోస్టారికాలో మోంటెవెర్డే మేఘారణ్యంలో మాత్రమే ఉండేది. మగది నిగనిగలాడే నారింజ రంగు. ఏడాది పొడవునా కనబడకుండా దాక్కుని, వానలు మొదలయ్యాక కొద్ది రోజుల పాటు చెట్ల వేళ్ళ మధ్య నిలిచిన నీటి గుంటల దగ్గరికి వందలుగా వచ్చేది. 1987లో పదిహేను వందలకు పైగా కనబడ్డాయి. 1989లో కనబడింది ఒక్కటంటే ఒక్కటి, మగది. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. ఎందుకు పోయిందన్న దాని మీద వాదనలున్నాయి, వాతావరణం అన్నవాళ్ళున్నారు, కైట్రిడ్ అన్నవాళ్ళున్నారు. నేను మాత్రం ఆ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా మధ్యలో గడిచింది రెండేళ్ళే కదా అనుకుంటాను. ఒక వానాకాలంలో మడుగు నిండా కనబడ్డాయి గనక ఎప్పుడూ ఉంటాయిలే అన్న ధీమా నాకు ఇప్పుడు లేదు. 2023లో ప్రపంచవ్యాప్తంగా 8,011 ఉభయచర జాతుల్ని పరిశీలిస్తే, ప్రతి ఐదింటిలో రెండు అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది.

లైట్ల గురించి కూడా చెప్పాలి. ముట్టుకోకపోయినా లైటుతో చేసే నష్టం ఉంది. 1993లో అచ్చయిన ఒక ప్రయోగంలో, చీకటికి అలవాటుపడ్డ చెట్టుకప్పల మీద ఒక్కసారిగా వెలుతురు పెంచితే అవి పురుగుల్ని కనిపెట్టి పట్టుకోవడంలో తడబడ్డాయి. 2006లో ఇంకో అధ్యయనంలో, వెలుతురు పడ్డ మగకప్పలు తక్కువగా అరిచాయి, మాటిమాటికీ చోటు మారాయి. వాటి కళ్ళు మన కళ్ళలాంటివి కావు. మనకు ఏమీ ఆననంత చీకట్లో కూడా కప్పలు రంగులు పోల్చుకోగలవని స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో చూపించారు. అలాంటి కళ్ళలోకి ఎనిమిది హెడ్‌ల్యాంపులు ఒకేసారి తిప్పితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక్క లైటు చాలు, అదీ తగ్గించి, నేరుగా కాకుండా పక్కన నేల మీద పడేలా. ఒకరు చూపిస్తే మిగతావాళ్ళు చూడొచ్చు. నడిచేటప్పుడు మాత్రం ముందున్నవాళ్ళ లైటు పాదాల ముందు నేల మీదే ఉండాలి. కప్పలున్నచోటికి పాములూ వస్తాయి, కంటికి ఆనని చోట చెయ్యి గానీ కాలు గానీ పెట్టకూడదు.

జనం ఎక్కువైతే ఇవేవీ కుదరవు. నడక నడిపించేవాళ్ళకు నా విన్నపం ఇది. పాతికమందిని తీసుకెళ్తే అది కప్పల తక్కెడే అవుతుంది. ఒకరిని ఆపితే ఇంకొకరు నీళ్ళలోకి దిగుతారు. గట్టున బురదలో ఉన్న గుడ్ల మీద, ఇప్పుడే కాళ్ళు మొలిచి ఒడ్డెక్కిన పిల్లల మీద అడుగులు పడతాయి. అవి గోరులో సగం కూడా ఉండవు, తొక్కినట్టు కూడా తెలియదు. ఐదారుగురిని మించకండి. జనం ఎక్కువుంటే రెండు రాత్రులు పెట్టండి.

ఫొటోలు తీసేవాళ్ళతో ఒక మాట. మీలో నా ఆప్తమిత్రులు చాలామంది ఉన్నారు, నేనూ కెమెరా మోసేవాణ్ణే. ఆకును గొడుగులా పట్టుకున్న కప్ప, నత్త మీద ఎక్కిన కప్ప, నోరు తెరిచి నవ్వుతున్నట్టున్న కప్ప, ఈ ఫొటోలకు లైకులు వేలల్లో పడతాయి. కప్పకు నవ్వు లేదు. బెదిరినప్పుడు, తప్పించుకోలేనప్పుడు నోరు తెరిచే కప్పలున్నాయి. అలాంటి ఫొటో కనబడితే మెచ్చుకునే ముందు అది అక్కడికి ఎలా వచ్చిందో అడగండి. మర్యాదగానే అడగండి, కానీ అడగండి. గడ్డి అడ్డొచ్చిన ఫొటోనే పెడదాం. కప్ప ఉండేది ఆ గడ్డిలోనే కదా.

చోటు కూడా పెట్టకండి. అరుదైన కప్ప కనబడ్డ ఆనందంలో ఆ రాత్రే లొకేషన్‌తో సహా పోస్టు చేసేస్తాం. 2017లో సైన్స్ పత్రికలోనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీని గురించి హెచ్చరించారు. దక్షిణ చైనాలో ఒక గుహబల్లి జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేస్తూ దొరికిన చోటు ప్రకటించాక, అమ్ముకునేవాళ్ళు ఎగబడి అక్కడ దాన్ని మిగల్చలేదు. రంగురంగుల కప్పలకూ అలాంటి మార్కెట్ ఉంది. జనం తమకు కనబడ్డ జీవుల వివరాలు పెట్టే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైటు, ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన చోటును తనంతట తనే మరుగుపరుస్తుంది. మన గ్రూపుల్లో ఆ పని మనమే చెయ్యాలి.

"మరి పిల్లలకు ఏం చూపించాలి, చేతిలో పెట్టకపోతే వాళ్ళకు ఇష్టం ఎలా పుడుతుంది?" అని ఒక నడకలో ఒక తల్లి నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఆ రాత్రి ఆవిడ కొడుకు, ఎనిమిదేళ్ళుంటాయి, నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. రెండు గజాల దూరంలో ఒక కప్ప పురుగును లటుక్కున పట్టింది. మింగేటప్పుడు దాని కళ్ళు రెండూ తలలోకి దిగిపోయాయి. "దానికి కళ్ళు పోయాయి!" అని గుసగుసగా అరిచాడు వాడు. మళ్ళీ పైకి వచ్చాయి. కప్ప మింగేటప్పుడు కనుగుడ్లు లోపలికి దిగి, ఆహారాన్ని గొంతులోకి నెట్టడానికి సాయం చేస్తాయని చెప్పాను. వాడు ఇంకో పురుగు ఎప్పుడు వస్తుందా అని పావుగంట కదలకుండా కూర్చున్నాడు. చేతిలో పెట్టి ఉంటే ఆ కప్ప పురుగునూ పట్టేది కాదు, కళ్ళూ దించేది కాదు. చేతిలో ఉన్న కప్ప ఏమీ చెయ్యదు, తప్పించుకోవడానికి చూడటం తప్ప.

వినడం కూడా నేర్పొచ్చు. అమెరికాలో 1998 నుంచి నడుస్తున్న ఫ్రాగ్‌వాచ్ స్వచ్ఛంద సేవకుల పద్ధతి చాలా తేలిక. పొద్దు గుంకిన అరగంట తర్వాత నీటి దగ్గరికి వెళ్ళి, రెండు నిమిషాలు కదలకుండా ఉండి, ఆపైన మూడు నిమిషాలు చెవులు రిక్కించి విని, ఏ గొంతు ఎంత జోరుగా వినబడిందో రాసుకుంటారు. ఆస్ట్రేలియన్ మ్యూజియం 2017లో ఫ్రాగ్‌ఐడీ అనే యాప్ తెచ్చింది. జనం ఫోన్లో అరుపు రికార్డు చేసి పంపిస్తే నిపుణులు విని ఏ కప్పో చెబుతారు. ఒక్క కప్పను కూడా ముట్టుకోకుండానే లక్షల రికార్డులు పోగయ్యాయి. మన దగ్గరున్న ఫోనూ అదే, చెవులూ అవే. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. రికార్డు చేసిన అరుపును అక్కడే పెద్దగా వినిపించి కప్పల్ని రప్పించడం వద్దు. లేని పోటీదారుడు వచ్చాడనుకుని మగకప్ప తన ఓపికంతా దాని మీద ఖర్చుపెడుతుంది.

ముట్టుకోక తప్పని సందర్భం ఒకటి నేను ఒప్పుకుంటాను. మడుగుకి వెళ్ళే దారిలో రోడ్డు అడ్డం ఉండి, కప్పలు చక్రాల కింద పడుతుంటే, వాటిని అవతలికి చేర్చాల్సిందే. బ్రిటన్‌లో ఏటా వందలమంది వసంతకాలం రాత్రుల్లో బకెట్లు పట్టుకుని బోదురుకప్పల్ని రోడ్డు దాటిస్తారు. అలాంటప్పుడు శుభ్రమైన గ్లవ్ వేసుకుని, చెయ్యి తడిపి, అది ఎటు వెళ్తోందో అటువైపే దింపండి. వెనక్కి తిప్పితే మళ్ళీ రోడ్డెక్కుతుంది. జంట కట్టినవాటిని విడదీయకండి, జంటగానే మోయండి.

ఆకు మీద పెట్టి తీసిన ఆ ఫొటో ఆరేళ్ళు నా పేజీలో ఉంది. నేను తీసినవాటిలో ఎక్కువమంది మెచ్చుకున్నది అదే. ఈ ఉత్తరం రాయడానికి ముందే తీసేశాను. దాని చోట నిరుడు అదే మడుగు దగ్గర చీకట్లో రికార్డు చేసిన నలభై సెకన్ల అరుపు పెట్టాను. అందులో ఫొటో లేదు, నల్లటి తెర ఒక్కటే. పద్దెనిమిదో సెకను దగ్గర, మిగతా గొంతుల కింద, ఆ దువ్వెన పళ్ళ చప్పుడు సన్నగా వినబడుతుంది.

వచ్చే వానకు మీరంతా బయల్దేరతారు, మేమూ బయల్దేరతాం. మీ గ్రూపు ఏం నియమం పెట్టుకుందో నాకు తెలియజేయండి. ఒప్పుకోకపోతే ఎందుకో అదీ రాయండి, చదువుతాను, జవాబిస్తాను. మడుగు దగ్గరికి చేరాక మొదటి ఐదు నిమిషాలు లైట్లన్నీ ఆర్పేసి నిలబడి, ఎన్ని రకాల గొంతులు విన్నారో లెక్కపెట్టి ఆ అంకె పంపండి. మా మడుగులో పోయిన వానకు ఆరు.

ఇట్లు,
మీతోపాటు నడిచే ఒక మిత్రుడు